జర్మన్‌లో పల్లీల్ని ఏమంటారు?

జర్మన్‌లో నేను మొట్టమొదట నేర్చుకున్న మాట ‘ఎర్ట్‌నుస్’. ‘ఎర్డె’ అంటే భూమి, ‘నుస్’ అంటే గట్టి పెంకు ఉన్న గింజ. రెండూ కలిస్తే పల్లీ. మాది హనుమకొండ కాబట్టి నాకది పల్లీ, మా ఆయనది ఒంగోలు కాబట్టి ఆయనకు వేరుశనక్కాయ. మన వేరుశనగలో వేరు ఉన్నట్టే వాళ్ళ మాటలో మట్టి ఉంది. నమస్కారం చెప్పడం, పేరు చెప్పుకోవడం లాంటివి నాకు రెండో వారంలో వచ్చాయి.

ఎందుకో చెప్తాను. మా ఇంట్లోకి పల్లీ రాక పదేళ్ళు దాటింది. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు ఎవరింట్లోనో ఇడ్లీతో పాటు పల్లీ చట్నీ పెట్టారు. అయిదు నిమిషాల్లో పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక అంబులెన్సులో ఆసుపత్రికి వెళ్ళాం. పరీక్షలు చేస్తే పల్లీలే కాదు, జీడిపప్పు, బాదం, హేజిల్‌నట్, వాల్‌నట్ ఏదీ పడదని తేలింది. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా సంచిలో రెండు అడ్రినలిన్ పెన్నులు ఉంటాయి. మా పులిహోరలో శనగపప్పు, మినప్పప్పు తప్ప ఇంకేం ఉండవు. ఇలాంటి పిల్లలున్న తల్లులకు ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు. లేనివాళ్ళు ఒక్కసారి మన వంటగదిని ఊహించుకోండి, పల్లీ లేని పండగ ఎలా ఉంటుందో.

ఆ పిల్లకిప్పుడు 13. ఆదివారం పొద్దున ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఎడమవైపు డిఫెండర్‌గా ఆడుతుంది. 2022లో వెంబ్లీలో ఇంగ్లండ్ ఆడవాళ్ళు జర్మనీని 2-1తో ఓడించి యూరో కప్పు గెలిచినరోజు టీవీ ముందు పట్టుకున్న పిచ్చి అది. 2025 టోర్నమెంటు స్విట్జర్లాండులో అని తెలిసిన రోజునుంచి నా వెంట పడింది. చివరికి జులై 5, శనివారం, జ్యూరిక్‌లో ఫ్రాన్స్‌తో ఇంగ్లండ్ ఆడే మొదటి మ్యాచికి రెండు టిక్కెట్లు దొరికాయి. శనివారం కాబట్టి బడి పోదు. మా ఆయనకు ఆ వారాంతం ఆఫీసు డ్యూటీ, పైగా చిన్నవాణ్ణి చూసుకోవాలి. కాబట్టి వెళ్ళేది మేమిద్దరమే, తల్లీకూతుళ్ళం.

ఆ టోర్నమెంటు ఎనిమిది ఊళ్ళలో జరిగింది. జెనీవా, సియోన్ ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళు. జ్యూరిక్, బాజెల్, బెర్న్, లుసెర్న్, సెయింట్ గాలెన్, థూన్ జర్మన్ ఊళ్ళు. జ్యూరిక్ వెళ్తున్నామనగానే అందరూ ఒకటే మాట: “అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు వదినా, నీకెందుకీ జర్మన్ తిప్పలు?”

నిజమే, చాలామందికి వచ్చు. హోటల్లో, విమానాశ్రయంలో, పెద్ద దుకాణాల్లో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. కానీ రెండు చోట్ల జరగదు. ఒకటి, సరుకుల పొట్లాల మీది రాత. స్విట్జర్లాండులో అది జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్‌లో ఉంటుంది, ఇంగ్లీషు ఉంటే మన అదృష్టం. రెండోది, బండి మీద, బేకరీలో, కిటికీ వెనకాల నిలబడి అమ్మేవాళ్ళు. వాళ్ళకు ఇంగ్లీషు రెండో భాషో మూడో భాషో, మనకూ అది పుట్టుభాష కాదు. ఇద్దరూ మర్యాదస్తులే. అలాంటి ఇద్దరు కలిస్తే చివరికి తేలే మాట ఎప్పుడూ ఒకటే, “నో ప్రాబ్లం”. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది.

ఈ భయం పరాయి భాషదే కాదు. మన తెలుగు పార్టీల్లోనూ అంతే. “ఇందులో పల్లీలు వేశారా అండీ?” అని అడిగితే వచ్చే జవాబులు చూడండి. “అబ్బే, ఏం కాదమ్మా”, “కొంచెమేలే”, “మా వాడూ తిన్నాడుగా”, “చిన్నప్పటినుంచీ అలవాటు చేస్తే పోతుందమ్మా”. వీటిలో ఒక్కటీ నా ప్రశ్నకు జవాబు కాదు. “వేశాను” అన్నది జవాబు. “వేయలేదు, కానీ తాలింపు వేసిన గరిటె చట్నీలోది” అన్నది ఇంకా మంచి జవాబు. ఏది ఊరడింపో ఏది సమాచారమో తెలుగులో నాకు చెవికి ఇట్టే తెలిసిపోతుంది. అయిదు నెలల్లో జర్మన్‌లో ఆ చెవి రావాలి, నా లక్ష్యం అంతే.

మా ఊళ్ళోని వయోజనుల కాలేజీలో ఫిబ్రవరిలో సాయంత్రం క్లాసులో చేరాను, పది వారాలు, వారానికొకసారి. అమ్మాయి ఇంట్లోనే డోయిచె వెల్లె అనే జర్మన్ ప్రసార సంస్థ ఉచితంగా పెట్టిన ‘నీకోస్ వేక్’ పాఠాలు చూసేది. నీకో అనే కుర్రాడు స్పెయిన్‌నుంచి జర్మనీలో దిగి సంచీ పోగొట్టుకుంటాడు, అక్కణ్ణుంచి కథ నడుస్తుంది. సీరియల్లా ఉంటుంది కాబట్టి అన్నం తినేటప్పుడు కూడా చూడొచ్చు. ఫోన్ యాప్‌లు కూడా కొన్నాళ్ళు ప్రయత్నించాం. అవి మాటలు నేర్పుతాయి కానీ మనకు కావలసిన మాటలు ఎప్పటికి వస్తాయో తెలీదు. ఏనుగు యాపిల్ తింటోంది అని జర్మన్‌లో చెప్పగలిగితే నాకేం లాభం?

క్లాసులో మొదటి రోజు ‘వో ఇస్ట్ డేర్ బాన్‌హోఫ్’ నేర్పారు, స్టేషన్ ఎక్కడ అని. పన్నెండు మందిమీ గొంతెత్తి చక్కగా అడిగాం. అప్పుడు మా టీచరమ్మ చెయ్యి ఊపుతూ, వాళ్ళ ఊళ్ళో మాట్లాడే వేగంతో జవాబు చెప్పింది. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ నవ్వి, “అడగడం పదిహేను నిమిషాల్లో వస్తుంది. ఈ క్లాసంతా జవాబులకే” అంది. ఆవిడకు అక్కడే దండం పెట్టాలనిపించింది.

ఎందుకంటే నాకది తెలిసిన సంగతే. ఇరవై ఏళ్ళ కిందట లెస్టర్‌లో దిగినప్పుడు నా ఇంగ్లీషుకు ఏ లోటూ లేదు. ఎమ్మెస్సీ ఇంగ్లీషులోనే చదివాను. పోస్టాఫీసుకెళ్ళి వ్యాకరణం తప్పకుండా స్టాంపులు అడిగాను. కౌంటర్లోని పెద్దావిడ ఏదో అడిగి చివర “మీ డక్” అంది. బాతు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాక అటూ ఇటూ చూశాను. ఈ ప్రాంతంలో అది ‘అమ్మా’, ‘తల్లీ’ లాంటి పిలుపని తెలియడానికి నెల పట్టింది. పుస్తకం మనకు ప్రశ్నలు నేర్పి పంపిస్తుంది. ఊరు తన జవాబులు తన గొంతుతో చెప్తుంది.

కాబట్టి మా టీచరమ్మ పద్ధతి మీక్కూడా చెప్తాను, ఏ భాషకైనా పనికొస్తుంది. ఒక అట్టముక్క మీద ఒకవైపు మనం అడిగేది, రెండోవైపు వాళ్ళు అనడానికి అవకాశమున్న మూడు నాలుగు మాటలు రాసుకోవాలి. ఒకరు అడిగితే రెండోవాళ్ళు ఆ మాటల్లో ఏదో ఒకటి గబగబా అనాలి. ఉదాహరణకు ‘వాసర్ బిటె’ అంటాం, నీళ్ళు ఇవ్వండి అని. అంతటితో అయిపోయిందనుకుంటాం. కానీ వెంటనే ప్రశ్న వస్తుంది: ‘మిట్ ఓడర్ ఓనె?’ ఉండాలా, లేకుండానా అని. ఉండాల్సింది గ్యాసు. మామూలు నీళ్ళు కావాలంటే ‘ఓనె’ అనాలి. బేకరీలో ఏది కొన్నా ‘జోన్స్ట్ నోఖ్ ఎట్వాస్?’ అంటారు, ఇంకేమైనా కావాలా అని. డబ్బులిచ్చేటప్పుడు ‘కార్టె ఓడర్ బార్?’ అంటారు. బార్ అనగానే బెదరకండి, నగదు అని అర్థం. అన్నట్టు, స్విట్జర్లాండులో నడిచేది ఫ్రాంకు, యూరో కాదు.

ఈ ‘మిట్’, ‘ఓనె’ అన్న రెండు చిన్న మాటలే నాకు అన్నిటికన్నా విలువైనవయ్యాయి. ఉన్నది, లేనిది. వీటి పక్కన ‘కైనె’ (ఏమీ లేవు), ‘నిష్ట్’ (కాదు), ‘ఫిల్లైష్ట్’ (ఉండొచ్చేమో), ‘ఇష్ వైస్ నిష్ట్’ (నాకు తెలియదు). ‘ఫిల్లైష్ట్’, ‘ఇష్ వైస్ నిష్ట్’ ఏ టూరిస్టు పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండవు. కానీ మా అమ్మాయికి అవి రెండూ ఎర్రదీపాలు.

అంకెల దగ్గర ఇంకో చిక్కు. జర్మన్‌లో ఒకట్ల స్థానం ముందు చెప్తారు. 34 అంటే ‘ఫీర్ ఉంట్ డ్రైసిష్’, నాలుగూ ముప్ఫై. 43 అంటే ‘డ్రై ఉంట్ ఫీర్త్సిష్’, మూడూ నలభై. జ్యూరిక్ పెద్ద స్టేషన్‌లో 34వ ప్లాట్‌ఫారమూ ఉంది, 43వదీ ఉంది! రైలు ఇంకో మూడు నిమిషాలుందనగా చెవి పొరపాటు పడితే ఎంత దూరం పరుగెత్తాలో. అమ్మాయీ నేనూ బట్టలు మడతపెడుతూ ఒకరికొకరం అంకెలు విసురుకునేవాళ్ళం. టైము అంతకన్నా ప్రమాదం, ముఖ్యంగా బ్రిటన్‌లో ఉండేవాళ్ళకి. ఇక్కడ ‘హాఫ్ నైన్’ అంటే తొమ్మిదిన్నర. జర్మన్‌లో ‘హాల్ప్ నోయిన్’ అంటే ఎనిమిదిన్నర, తొమ్మిదికి సగం దారిలో ఉన్నామని వాళ్ళ లెక్క. మాట ఒకటే, గంట తేడా. 24 గంటల లెక్కలో అడిగి రాయించుకోవడం మేలు.

ఇన్ని భయాలు చెప్పాక మనకు కలిసొచ్చేవి కూడా చెప్పాలి. క్లాసులో ఇంగ్లీషువాళ్ళు తంటాలు పడిన చోట నేను హాయిగా దాటిపోయినవి ఉన్నాయి. జర్మన్‌లో ‘జడ్’ అక్షరాన్ని ‘త్స’ అని పలుకుతారు. రైలు ‘త్సూక్’, పది ‘త్సేన్’. మాటకు మొదట్లో ఆ శబ్దం పలకడం వాళ్ళకు గగనం. మనం రోజూ చలి, చుక్క, చాప అనేటప్పుడు పలికేది అదే. పాత పుస్తకాల్లో దానికి ‘ౘ’ అని విడిగా అక్షరం కూడా ఉండేది. ఇంకోటి, ‘డబ్ల్యూ’ని జర్మన్‌లో ‘వ’ అనే పలకాలి. ఇంగ్లీషులో మనం వాటర్ అంటే పెదాలు గుండ్రంగా చుట్టలేదని పిల్లలు వెక్కిరిస్తారే, జర్మన్ ‘వాసర్’ మన నోటికి పుట్టుకతో వచ్చినట్టుంటుంది. ఆరోజు ఇంటికొచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టి పదిసార్లు వాసర్ అనిపించాను.

నువ్వు, మీరు తేడా జర్మన్‌లో ఉంది: ‘డూ’, ‘జీ’. పెద్దవాళ్ళను, ముక్కూమొహం తెలియనివాళ్ళను ‘జీ’ అనాలి. మాకు ప్రాణం లేచొచ్చింది. క్రియ చాలాసార్లు వాక్యం చివరికి వెళ్ళి కూర్చుంటుంది, ‘నేను నీళ్ళు తాగాలనుకుంటున్నాను’ అన్నట్టే. మాటల్ని అతికించి సమాసాలు చేస్తారు. చేతికి తొడిగే బూటు కాబట్టి గ్లవ్‌ని ‘హాంట్‌షూ’ అంటారు, చేతిబూటు. ఆ మాటకు మా ఇంట్లో చలికాలమంతా నవ్వులే.

ఇక లింగాలు. ప్రతి వస్తువుకూ పుంలింగమో, స్త్రీలింగమో, నపుంసకమో ఉంటుంది. చెంచా మగ, ఫోర్కు ఆడ, కత్తి నపుంసకం. దీనికి తర్కం వెతకొద్దన్నారు, వెతకలేదు. అయితే ‘మేట్‌షెన్’, అంటే అమ్మాయి, నపుంసకమట! ఆ మాట చివర ‘షెన్’ అనే ముద్దు ప్రత్యయం ఉంది, అది చేరితే ఏ మాటైనా నపుంసకమైపోతుంది. క్లాసులో ఒకావిడ ఇది అన్యాయమని గట్టిగా వాదించింది. నేను మాట్లాడలేదు. ‘అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అనే భాషలోంచి వెళ్ళినదాన్ని, ఏ మొహంతో వాదించను?

ఫుట్‌బాల్ మాటలు అమ్మాయి వంతు. గోలు ‘టోర్’, అంటే నిజానికి ద్వారం. గోల్‌కీపరు ‘టోర్‌హ్యుటెరిన్’, అంటే ద్వారపాలకురాలు. చివరి ‘ఇన్’ ఆడవాళ్ళకు తగిలించేది. ఆఫ్‌సైడు ‘ఆప్‌జైట్స్’. పెనాల్టీ ‘ఎల్ఫ్‌మేటర్’, పదకొండు మీటర్లని. ఒకరోజు టీచరమ్మ బోర్డు మీద ‘కాఫే సెర్వీస్’ అని రాసి, ఇది ఆడవాళ్ళ ఫుట్‌బాల్ చరిత్రలో ముఖ్యమైన మాట అంది. కాఫీ కప్పులూ సాసర్ల సెట్టు. 1989లో జర్మనీ ఆడవాళ్ళు మొదటిసారి యూరప్ ఛాంపియన్లయితే వాళ్ళ ఫుట్‌బాల్ సంఘం ఇచ్చిన బహుమతి అదేనట, పువ్వుల కాఫీ సెట్టు. అదే సంఘం 1955 నుంచి 1970 దాకా తన మైదానాల్లో ఆడవాళ్ళను ఆడనివ్వలేదు. ఇంగ్లండ్ కూడా తక్కువ తినలేదు, 1921లో నిషేధం పెట్టి యాభై ఏళ్ళు ఉంచింది. మన పెళ్ళిళ్ళలో ఆరుగ్లాసుల సెట్టు ఇచ్చినట్టు ఛాంపియన్లకు కాఫీ సెట్టు! మా అమ్మాయికి ఆ మాట ఎప్పటికీ గుర్తుంటుంది, నాక్కూడా.

ఏప్రిల్లో ఒక పిడుగు పడింది. స్విట్జర్లాండులో మాట్లాడేది మేం నేర్చుకుంటున్న జర్మన్ కాదని అప్పుడు తెలిసింది. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ రైలు ప్రకటనలూ ఈ జర్మనే. దాన్ని వాళ్ళు ‘ష్రిఫ్ట్‌డోయిచ్’ అంటారు, రాత జర్మన్ అని. ఇంట్లో, వీధిలో, ఆఫీసులో మాట్లాడేది మాత్రం వాళ్ళ యాస, అదీ ఊరికొక రకం. జ్యూరిక్‌లో పలకరింపు ‘గ్ర్యుయెత్సి’, బెర్న్‌లో ‘గ్ర్యుయెసెఖ్’. జర్మనీ నుంచి వెళ్ళినవాళ్ళకే మొదట్లో సగం అర్థం కాదట. థాంక్స్‌కి ‘మెర్సి’ అంటారు, ఫ్రెంచివాళ్ళ దగ్గర తీసుకుని. ఫుట్‌బాల్ మాటలు ఇంగ్లీషువే వాడేస్తారు: గోలి, పెనాల్టి, కార్నర్, ఆఫ్‌సైడ్. అమ్మాయి కష్టపడి బట్టీపట్టిన ‘ఆప్‌జైట్స్’ గంగలో కలిసింది. వాళ్ళ జాతీయ జట్టు ముద్దుపేరు ‘నాటి’, పలకడం మాత్రం ‘నాత్సి’. ఎవరైనా ఆ మాట ఆనందంగా అరిస్తే ఉలిక్కిపడకండి.

నాకు నచ్చిందేమిటంటే ఆ యాస వాళ్ళకు నామోషీ కాదు. డాక్టరూ లాయరూ మంత్రీ అందరూ అదే మాట్లాడతారు. నేను హైదరాబాదు కాలేజీలో చేరినప్పుడు ‘వస్తున్న’ అనబోయి ‘వస్తున్నాను’ అని సర్దుకున్న రోజులు గుర్తొచ్చాయి. సినిమాల్లో మా యాస అప్పట్లో రౌడీలకూ హాస్యపాత్రలకూ మాత్రమే దక్కేది. పరాయి ఊరివాళ్ళు కనిపిస్తే స్విస్ వాళ్ళు రాత జర్మన్‌లోకి మారతారు, వాళ్ళు వెళ్ళగానే తిరిగి తమ మాటలోకి వచ్చేస్తారు.

వాళ్ళ రాతలో కూడా కొన్ని మాటలు వేరు. అందులో ఒకటి నా నిద్ర చెడగొట్టింది. జర్మనీలో వాల్‌నట్‌ని ‘వాల్‌నుస్’ అంటే స్విట్జర్లాండులో ‘బౌమ్‌నుస్’ అంటారు, చెట్టుగింజ అని. ఆసుపత్రి కూడా జర్మనీలో ‘క్రాంకెన్‌హౌస్’ అయితే అక్కడ ‘ష్పిటాల్’. నా అట్టముక్కలన్నీ సరిదిద్దాను. చివరికి తయారైన జాబితా ఇది: పల్లీ ఎర్ట్‌నుస్, హేజిల్‌నట్ హాజెల్‌నుస్, బాదం మాండెల్, వాల్‌నట్ బౌమ్‌నుస్. ‘మార్త్సిపాన్’ అంటే బాదం ముద్ద. ‘నూగాట్’ అని చూస్తే ఇంగ్లండులో దొరికే తెల్ల మిఠాయి అనుకోవద్దు, జర్మన్‌లో అది హేజిల్‌నట్ కలిపిన చాక్లెట్ ముద్ద. పొట్లం మీద ‘ష్పూరెన్’ అన్న మాట కనిపిస్తే ఆనవాళ్ళు ఉండొచ్చని. దాని కింద అంబులెన్సు నంబరు 144, పక్కన ‘నోట్‌ఫాల్’, అత్యవసరం. పెద్ద అక్షరాలతో ‘మైనె టోఖ్టర్ ఇస్ట్ అలెర్గిష్’, నా కూతురికి ఎలర్జీ అని. ఆ కాగితం ఒక కాపీ నా దగ్గర, ఒకటి దాని దగ్గర, ఒకటి పెన్నుల డబ్బాలో.

క్లాసు ఆఖరి వారం టీచరమ్మ ఇంకొక కిటుకు చెప్పింది. అవును, కాదు అని చెప్పేసే ప్రశ్న వేయకండి, మర్యాద కోసం మనుషులు అవును అనేస్తారు. ‘ఇందులో నట్స్ ఉన్నాయా’ బదులు ‘వాస్ ఇస్ట్ డ్రిన్’, ఇందులో ఏముంది అని అడగండి. రెండో ప్రశ్న ‘వెల్షెస్ ఓల్’, ఏ నూనె?

జులై 5 పొద్దున జ్యూరిక్‌లో దిగాం. మ్యాచి టిక్కెట్టు ఉన్నవాళ్ళకు ఆరోజు దేశమంతా రైళ్ళూ ట్రాములూ రెండో తరగతిలో ఉచితం, ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది. హోటల్ పక్క సందులో బేకరీ. ముందున్న ముసలాయనతో అమ్మే ఆవిడ యాసలో గలగలా మాట్లాడుతోంది, ఒక్క మాట అందలేదు. మా వంతు రాగానే రాత జర్మన్‌లోకి దిగింది. అమ్మాయి నన్ను వెనక్కి జరిపి తనే ముందుకెళ్ళింది. నా చేయి సంచిలోని డబ్బా మీద ఉంది. ‘వాస్ ఇస్ట్ ఓనె న్యుసె?’ అంది, నట్స్ లేనివి ఏవి అని. ఆవిడ ఆగి, అద్దాల వెనక ఒక్కోటీ చూపించింది. నుస్‌గిప్ఫెల్, నైన్. మాండెల్‌గిప్ఫెల్, నైన్. మామూలు గిప్ఫెలి, అంటే వాళ్ళ క్రోసాన్, చూపించి తల అటూ ఇటూ ఊపింది. అన్నీ ఒకే వంటగదిలో చేస్తామని చెప్పి, ‘కాన్ ఇష్ నిష్ట్ గారాంటీరెన్’ అంది. పూచీ ఇవ్వలేను. మా అమ్మాయి ఆ ‘నిష్ట్’ని పట్టుకుంది. “అమ్మా, వద్దంటోంది” అని, ఆవిడకు ‘మెర్సి’ చెప్పి బయటికొచ్చింది. మొహం చిన్నబోయిందనుకోండి, వెన్న వాసన అలాంటిది. కానీ అంత స్పష్టమైన జవాబు మాకు లెస్టర్‌లో కూడా అరుదుగా దొరుకుతుంది.

సాయంత్రం స్టేడియం దారిలో ఒక బండి దగ్గర బంగాళాదుంప చిప్స్. “ఎర్ట్‌న్యుసె?” అని అడిగితే కుర్రాడు నవ్వుతూ ‘నైన్ నైన్, కైన్ ప్రొబ్లేమ్’ అన్నాడు. ఇంగ్లీషులో నాకు భయమైన మాటే జర్మన్‌లో వచ్చింది. వెంటనే అమ్మాయి రెండో ప్రశ్న వేసింది, ‘వెల్షెస్ ఓల్?’ అతను వంగి బల్ల కిందినుంచి డబ్బా తీసి మాకే చూపించాడు. దాని మీద మూడు భాషల్లో రాసి ఉంది, మొదటిది ఎర్ట్‌నుస్‌ఓల్. పల్లీ నూనె. అతని మొహంలో నవ్వు పోయింది, ‘ఓ’ అన్నాడు. పాపం అతను అబద్ధం చెప్పలేదు. చిప్స్‌లో పల్లీలు లేవు మరి. మేం ఫుట్‌పాత్ మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న చపాతీ చుట్టలు తిన్నాం.

అయిదు నెలల జర్మన్‌తో మేం సాధించిందేమిటని మా ఆయన అడిగితే, తిననివాటి జాబితా చెప్పాను.

తిన్నది కూడా ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కాగితం చూపించి అడిగితే, వడ్డించే ఆవిడ ‘నూర్ ఎర్ట్‌న్యుసె ఓడర్ ఆలె న్యుసె?’ అంది. పల్లీలొక్కటేనా, అన్ని నట్సూనా? నాకు ఊపిరి తేలికైంది. ఎదురు ప్రశ్న వేసిందంటే విషయం అందిందన్నమాట. అమ్మాయి ‘ఆలె’ అంది. ఆవిడ లోపలికెళ్ళి వంటాయన్ని అడిగి వచ్చి, వెన్నలో వేయించిన రోష్టి ఇప్పించింది. తురిమిన ఆలుగడ్డ అట్టు. మా అమ్మాయి రెండు పళ్ళేలు తింది.

మ్యాచి సంగతి మీకు తెలిసిందే. లెట్సిగ్రుంట్ స్టేడియంలో పరుగుపందేల ట్రాక్ మధ్యలో మైదానం, కొంచెం దూరమే అయినా మా పిల్లకు అదేం పట్టలేదు. మొదటి సగంలోనే ఫ్రాన్స్ రెండు గోల్స్ వేసింది. ఆఖర్లో కీరా వాల్ష్ ఒకటి వేసినా 2-1తో ఓడిపోయాం. రాత్రి పదకొండు దాటాక రెండో నంబరు ట్రాములో కిక్కిరిసి నిలబడ్డాం. ఇంగ్లండ్ చొక్కాలో వేలాడిపోతున్న మా అమ్మాయిని చూసి, కూర్చున్న పెద్దావిడ ఒకరు ‘హెండ్ ఎర్ గ్వునె?’ అన్నారు. యాసే. ‘గెవోనెన్’ అంటే గెలవడమని పాఠంలో ఉంది, దాన్ని నాలుగు ముక్కలు చేసి మింగితే ‘గ్వునె’ అవుతుంది కాబోలు. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘నైన్. ఫెర్‌లోరెన్. త్స్వై ఐన్స్’ అంది, ఓడిపోయాం, రెండూ ఒకటి అని. ఆవిడ దాని మోచేయి తట్టి ‘మాఖ్ట్ న్యుట్’ అన్నారు.

మా పిల్ల చటుక్కున నావైపు తిరిగింది. “అమ్మా, నట్స్ అంటున్నారా?”

ఆవిడకేం అర్థమైందో గానీ, ఈసారి రాత జర్మన్‌లో నెమ్మదిగా చెప్పారు: ‘మాఖ్ట్ నిష్ట్స్’. ఏం పర్వాలేదులే అని.